పాత మియాటా కొనేముందు ఎలా చెక్ చేసుకోవాలి, ఏ రిపేరుకి ఎంత అవుతుంది?

అమెరికాలో ఉంటూ ఇంటికి వ్యాన్ ఒకటి కొనేశాక, ఇంకో కారు టాప్ దించుకుని తిరిగేది ఉంటే బావుండు అనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది చివరికొచ్చి ఆగేది మాజ్డా మియాటా దగ్గరే. నేను చెప్పబోయేది 1990 నుంచి 1997 మోడళ్ళ వరకు వచ్చిన ఎన్‌ఏ, అంటే హెడ్‌లైట్లు పైకి లేచే మోడల్, తర్వాత 1999 నుంచి 2005 దాకా వచ్చిన ఎన్‌బీ గురించి. వీటిల్లో ఇంజన్ పని చాలావరకు వందల డాలర్లలో తేలిపోతుంది, బాడీకి తుప్పు పట్టిందా వేలల్లోకి పోతుంది, అందుకే హుడ్ ఎత్తడం తర్వాత, ముందు నీళ్ళ సంగతి చూడండి. రేట్లు ఊరిని బట్టి మారతాయి, ఇక్కడ రాసినవి డీలర్ దగ్గర కాకుండా బయట మెకానిక్ దగ్గర సుమారుగా అయ్యేవి.

1. ఒక నీళ్ళ బాటిల్ పట్టుకెళ్ళండి

టాప్ మీద పడ్డ వాన వెనక ఉన్న రెయిల్‌లోంచి సీట్ల వెనకాల రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ కన్నాల్లోకి దిగి, వెనక చక్రాల ముందు నేల మీద కారిపోవాలి. ఆకులూ మట్టీ పేరుకుని అవి మూసుకుపోతే ఆ నీళ్ళు కార్పెట్ కిందకీ, డోర్ల కింద ఉండే రాకర్ ప్యానెల్‌ లోపలికీ చేరతాయి, పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది కానీ లోపల రేకు తినేస్తుంటుంది. అమ్మేవాళ్ళని అడిగి టాప్ దించి, సీట్ల వెనక సీట్ బెల్ట్ బిగించి ఉండే టవర్ల వెనక మెల్లగా నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో వంగి చూడండి. కారకపోతే గడ్డి కోసే ట్రిమ్మర్ దారం నెమ్మదిగా తోసి క్లీన్ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇనప తీగ మాత్రం పొడవకండి, లోపల ట్యూబ్ చిరిగితే మళ్ళీ అదో పని.

తర్వాత సీట్ల వెనక కార్పెట్ చేత్తో నొక్కండి. తడి తగిలినా, ముక్కవాసన వచ్చినా రాకర్ల మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

2. రాకర్ ప్యానెల్ మీద మ్యాగ్నెట్ పెట్టండి

డోర్ కింద పొడవునా వెనక చక్రం దాకా ఉండే భాగం అది, చక్రానికి ముందుండే కొస దగ్గర చూడండి. ఫ్రిజ్ మ్యాగ్నెట్ చాలు, అంటుకోకుండా జారిపోతే అక్కడ రేకు బదులు బాండో అనే పుట్టీ పూసి పెయింట్ కొట్టారన్నమాట. కుళ్ళింది కోసి కొత్త రేకు వెల్డ్ చేసి పెయింట్ వేయాలంటే ఒక్కో పక్కకి 1,000 నుంచి 2,000 డాలర్లు అనుకోండి. ఎన్‌బీ అయితే ముందు వైపు బాడీ బరువు మోసే ఫ్రేమ్ రెయిల్స్ కూడా కింద దూరి చూడండి, అక్కడ కుళ్ళు కనపడితే ఇంక బేరం మాట్లాడకుండా వచ్చేయండి. ఒహాయో, మిషిగన్ లాంటి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన కారు కన్నా కాలిఫోర్నియా కారుకి వెయ్యి ఎక్కువిచ్చినా నష్టం లేదు.

3. టాప్

ఎన్‌ఏలో వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీసి పడుకోబెట్టాకే టాప్ మడవాలి, చాలామంది బద్ధకించి అలాగే మడిచేస్తారు, అందుకే కిటికీ పచ్చబడి పగిలిపోయి ఉంటుంది. ఎన్‌బీకి గాజు ఇచ్చారు, ఆ గొడవ లేదు. కొత్త టాప్ బిగించడంతో కలిపి 800 నుంచి 1,400 దాకా.

4. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి

మీరొచ్చేసరికి వేడి చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. ఎన్‌ఏలో టకటకమని సౌండ్ వస్తే అది ఎక్కువగా వాల్వులను కదిలించే లిఫ్టర్లు, ఆయిల్ మారిస్తే చాలాసార్లు తగ్గుతుంది, దానికి భయపడక్కర్లేదు. 1990, 1991 మొదట్లో వచ్చిన 1.6 ఇంజన్‌కి మాత్రం క్రాంక్ ముక్కు, అంటే కింది పుల్లీ బిగించే ముందు కొస, చిన్నది, అది అరిగితే పెద్ద ఖర్చే. కింది పుల్లీకి 4 గాడులుంటే చిన్న ముక్కు, 8 ఉంటే పెద్దది, ఐడిల్‌లో ఆ పుల్లీ ఊగుతుందేమో కూడా చూడండి.

ఇంజన్ వెనక నుంచి గేర్‌బాక్స్ మీదకి ఆయిల్ కారుతుంటే మెకానిక్ రియర్ మెయిన్ సీల్, అంటే క్రాంక్ వెనక కొసన ఆయిల్ ఆపే సీలు, పోయింది, గేర్‌బాక్స్ దింపాలి అనొచ్చు. ఎన్‌ఏలో హెడ్ వెనకాల ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ గట్టిపడినా సరిగ్గా అక్కడే కారుతుంది, ఆ రింగు రెండు మూడు డాలర్లు, ముందు అది మార్పించండి.

టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్ళకి ఒకసారి, బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క, వాటర్ పంపుతో కలిపి 600 నుంచి 900. రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే ఎప్పుడైనా పగలొచ్చు, 300 నుంచి 400. క్లచ్ పెడల్ కిందకి పోయి పైకి రాకపోతే ఎక్కువగా గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్, 150 నుంచి 250.

5. బేరం

దొరికినవన్నీ ఫోన్‌లో రాసుకుని కూడి, ఆ మొత్తం వాళ్ళ ముందే చూపించి తగ్గించమనండి, టైటిల్, అంటే ఓనర్‌షిప్ కాగితం మీద సాల్వేజ్ అని, అంటే బాగా దెబ్బతిన్న కారని, ఉంటే ఇంకా గట్టిగా తగ్గించాలి. చేతిలో ఉన్నదంతా కారుకే పోయకుండా రిపేర్లకి 1,500 డాలర్లు పక్కన ఉంచండి. కొనేముందు ఒకసారి టాప్ మూసి లోపల కూర్చోండి, ఆరడుగులు దాటినవాళ్ళకి తల తగలొచ్చు.