10 వేల అడుగులు అవ్వలేదని నడక మానేయకండి

బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర అయిపోతుంది, ఇంక ఇప్పుడేం వాకింగ్, సోమవారం నుంచి పద్ధతిగా మొదలెడదాం అనుకుంటూ నేను రెండు నెలలు పోగొట్టుకున్నా. మీరు ఆ పని చెయ్యకండి. అసలు ఈ రోజుకి 10 వేల అడుగుల లెక్క డాక్టర్లు పెట్టింది కాదండీ, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే మెషిన్ పేరులోంచి వచ్చింది. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి వ్యాయామం, కొంచెం ఆయాసం వచ్చేలా, అది కూడా ఒకేసారి 10 నిమిషాలైనా చెయ్యాలనే రూలు 2020లో తీసేశారు, కాబట్టి ముక్కలు ముక్కలుగా నడిచినా లెక్కలోకే వస్తుంది.

నేనేం చేస్తున్నానంటే, ఓపిక లేని రోజు కోసం ఒక చిన్న నడక ముందే ఫిక్స్ చేసి పెట్టుకున్నా: అన్నం తినగానే చెప్పులేసుకుని వీధి చివర నందిని పాల బూత్ దాకా గబగబా వెళ్ళి రావడం, ఏడు నిమిషాలు, అంతే. వచ్చాక ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఒక చుక్క పెడతా, గంట నడిచిన రోజుకీ అదే చుక్క (ఇది చాలా ముఖ్యం, పెద్ద చుక్క చిన్న చుక్క అని పెట్టుకోవద్దు). తిండి కూడా అంతే, ఆదివారం నాలుగు పూరీలు ఎక్కువ తిన్నారని సోమవారం పస్తులుండకండి, షుగర్ టాబ్లెట్లు వేసుకునేవాళ్ళైతే అస్సలు వద్దు, మామూలుగా తినేసి చుక్క పెట్టుకోండి.