సెంటర్ సత్తా, కుర్రాడి భవిష్యత్తు: ఏం చూడాలి?

బాస్కెట్‌బాల్‌లో రింగ్ దగ్గర ఆడే పొడగరి సెంటర్‌ని అంచనా వేయాలంటే బంతిని వదిలేసి అతని కాళ్లు చూడండి. అసలు పరీక్ష పిక్ అండ్ రోల్‌లో, అంటే ప్రత్యర్థుల్లో ఒకడు స్క్రీన్‌గా (అడ్డుగా) నిలబడి బంతి ఉన్న సహచరుడికి దారి చేసి, ఆపై తాను రింగ్ వైపు పరిగెత్తే ఎత్తుగడలో. బంతి నడిపే గార్డు స్క్రీన్ దాటి దూసుకొస్తుంటే, సెంటర్ మోకాళ్లు వంచి వెనక్కి జరుగుతూ అతన్నీ, రింగ్ వైపు పరిగెత్తేవాణ్నీ కలిపి కాచుకోవాలి. నిటారుగా నిలబడ్డాడా, ఒక్క అడుగులో దాటేస్తారు. బ్లాకుల (అడ్డుకున్న షాట్ల) లెక్క చూసి మురిసిపోవద్దు. ప్రతి షాట్‌కీ ఎగిరేవాడు ఫౌళ్లు మూటగట్టుకుంటాడు; అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆరో ఫౌల్‌కి, అంతర్జాతీయ సంఘం ఫిబా ఆటల్లో ఐదో ఫౌల్‌కి బయటికే.

జట్టులో ఇద్దరు ముగ్గురు సెంటర్లుంటే ఒక్కొక్కరు ఆడే సమయం వేరు కాబట్టి, మ్యాచ్ సగటు కాకుండా 36 నిమిషాలకు ఎంతో లెక్కగట్టి పోల్చండి. బెంచి ఆటగాళ్ల మీద కొట్టిన పాయింట్లకు విలువ కాస్త తగ్గించాలి.

కుర్రాడైతే ముందు ఫ్రీ త్రో (ఫౌల్ తర్వాత ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) శాతం చూడండి. 20 త్రీలలో (మూడు పాయింట్ల షాట్లలో) 9 పడితే 45 శాతమే, కానీ అది గాలివాటం కావచ్చు. ఇద్దరు చుట్టుముట్టినప్పుడు బంతి కిందికి దించేస్తున్నాడా, తలెత్తి ఖాళీగా ఉన్నవాడికి అందిస్తున్నాడా? ఎత్తుకెగరడం ఒక్కటే కొలమానమైతే, 2014 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేదికలో) 41వ స్థానం దాకా ఆగిన సెంటర్ నికోలా యోకిచ్, మూడుసార్లు ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యేవాడే కాదు.