పెరటి కాలువ పగలగొట్టే ముందు

నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పగిలిన కాలువ పని ఆలోపే పెట్టుకోండి.

– గడ్డపార వేసే ముందు మంచినీళ్ల పైపు, మోటారు వైరు ఎటు పోతున్నాయో చూసుకోండి. మోటారు స్విచ్చి ఒక్కటే కాదు, మెయిన్ ఆపేయండి.

– వాలు అన్నిటికన్నా ముఖ్యం. 4 అంగుళాల పైపు 10 అడుగులకు ఒకటిన్నర అంగుళం దిగాలి. కంటి అంచనా వద్దు. సన్న ట్యూబులో నీళ్లు నింపి రెండు చివర్లా మట్టం చూడండి. మేస్త్రీ “సరిపోద్దిలే” అన్నా సరే, బకెట్ నీళ్లు పోసి, ఎక్కడా నిలవకుండా పారాకే పూడ్చనివ్వండి.

– గ్లౌజులు, బూట్లు.

– యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి పోయకండి, విషవాయువు వస్తుంది.

– సెప్టిక్ ట్యాంకులోకి ఎవర్నీ దించకండి. రక్షణ సామగ్రి లేకుండా దించడం, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.