వేడి ప్రాంతంలో యాపిల్ పెంపకం – మూడో పాఠం: రకం ఎంపిక

గత రెండు పాఠాల్లో డెల్టా నేలల గురించి, నీరు నిలవని చోటు వెతుక్కోవడం గురించి నేర్చుకున్నాం. ఇక మొక్క కొనాలి. ఈ పాఠం పూర్తయ్యేసరికి, కడియం నర్సరీలో యాపిల్ అంటు ముందు నిలబడి ఏమి అడగాలో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

అక్కడ మీకు మొదట వినిపించే మాట ఇది: "నలభై అయిదు డిగ్రీల ఎండకు కూడా తట్టుకుంటుందండీ." అది అబద్ధం కాదు. కానీ కోనసీమలో యాపిల్ కాయాలంటే తేలవలసిన సంగతి అది కాదు. ఇక్కడ అసలు చిక్కు వేసవి పగళ్లతో కాదు, చలికాలపు రాత్రులతో.

యాపిల్ శీతల దేశాల చెట్టు. చలి ముదిరే ముందు ఆకు రాల్చి మొగ్గలను నిద్రపుచ్చుతుంది. నడుమ నాలుగు రోజులు ఎండ కాసినా తొందరపడి చిగురించి, ఆ తర్వాత కురిసే మంచుకు మాడిపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. తగినంత చలి అనుభవించాకే ఆ మొగ్గలు సమంగా మేలుకుంటాయి. 7 డిగ్రీలకు దిగువన గడిచిన గంటలను లెక్కగట్టి చలిగంటలు అంటారు. సిమ్లా కొండల మీది డెలీషియస్ రకాలకు ఇవి సుమారు వెయ్యి కావాలి. మన అమలాపురంలోనో భీమవరంలోనో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా పాదరసం 15 కిందికి దిగడం అరుదు. కాబట్టి మన ఖాతాలో చలిగంటలు సున్నా అనే రాసుకుని ముందుకు వెళ్దాం.

చలి చాలని చెట్టు చచ్చిపోదు. కొమ్మ చివర గుప్పెడు ఆకులు వేసి, కిందంతా బోడిగా ఉండిపోతుంది. పూత నెలల తరబడి ఇక్కడొకటి అక్కడొకటి విచ్చుకుంటుంది. ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు అందేలోపే అది రాలిపోతుంది. నిజానికి ఎండ తట్టుకునే మొక్క కంటే చలి అడగని మొక్కే మనకు ముఖ్యం.

అలాంటివి కొన్ని ఉన్నాయి. 'అన్నా' ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమెర్ అనే కిబ్బుట్జ్‌లో, అంటే ఉమ్మడి సేద్యపు ఊళ్లో పుట్టింది. గోల్డెన్ డెలీషియస్ దాని తల్లిదండ్రుల్లో ఒకటి. రెండు మూడు వందల చలిగంటలు చాలంటారు. 'డోర్సెట్ గోల్డెన్' బహామాస్ దీవుల్లో గింజ నుంచి దానంతట అదే మొలిచిన చెట్టు. మంచు పడని సముద్రతీరంలో పుట్టి అక్కడే కాసింది కనుక, మన గాలికి దగ్గర చుట్టం ఇదే. మూడోది మన దేశంలోదే. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో, పనియాలా గ్రామంలో హరిమన్ శర్మ అనే రైతు అభివృద్ధి చేసిన 'హెచ్‌ఆర్‌ఎంఎన్-99'. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. నర్సరీల వారు చెప్పే నలభై అయిదు డిగ్రీల మాట ఎక్కువగా ఈ రకం గురించే. అయితే బిలాస్‌పూర్‌లో వేసవి మనలాగే మండినా, చలికాలపు రాత్రులు మాత్రం హిమాచల్ రాత్రులే. ఆసిఫాబాద్ జిల్లాలో ఈ రకం కాసిందని చదివి ఉత్సాహపడే వారు, అక్కడ చలికాలంలో రాత్రులు 10 డిగ్రీల కిందికి పోతాయని మరచిపోకూడదు. ఆ కాపు నిజమే. అది ముమ్మిడివరానికి హామీ కాదు.

ఇంకొక మోసం ఉంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. హిమాచల్ నుంచి శీతకాలంలో తెచ్చిన అంటు అక్కడి చలిని తాగి వస్తుంది. ఇక్కడ నాటగానే బ్రహ్మాండంగా చిగురిస్తుంది, ఒక్కోసారి పూస్తుంది కూడా. దాన్ని చూసి రకం మన నేలకు సరిపడిందని నిర్ణయించకండి. ఆ చిగురు హిమాచల్ చలిది. మన వాతావరణం ఇచ్చే జవాబు రెండో చలికాలం తర్వాతే తెలుస్తుంది.

మరి చలిగంటలు సున్నా ఉన్నచోట రెండు మూడు వందలు అడిగే రకమైనా ఎలా కాస్తుంది? ఇండోనేషియాలో, జావా దీవిలోని బాటు కొండప్రాంతపు రైతులు దీనికి దారి చూపారు. కాయలు కోశాక చెట్టు ఆకునంతా చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే ఆకు పోతే, చలితో పని లేకుండానే కొత్త చిగురూ పూతా వస్తాయి. చలి బాగా అడిగే రోమ్ బ్యూటీ రకాన్ని కూడా వాళ్లు ఇలాగే, ఏడాదికి రెండు కాపులు తీస్తూ పండించారు. బాటు ఎత్తయిన ప్రాంతం, మన డెల్టా సముద్రమట్టానికి దగ్గర. అంతటి నమ్మకమైన కాపు మనకు వస్తుందని చెప్పలేను. కానీ చలి తక్కువ అడిగే రకాన్ని ఎంచుకుని, పైన ఆకు దూయడం కూడా చేస్తేనే ఇక్కడ అవకాశం ఉందని గట్టిగా చెబుతాను. తుఫానులు వెనకబడ్డాక, జ్యేష్ఠ కార్తెలో దూస్తే సంక్రాంతి ప్రాంతంలో పూత రావాలి, రోహిణి కార్తె ఎండలకు ముందే కాయ దిగిపోవాలి. దూసే పద్ధతి అయిదో పాఠంలో వివరంగా వస్తుంది.

ఇప్పుడు నా సిఫారసు. ఒక డోర్సెట్ గోల్డెన్, ఒక అన్నా పక్కపక్కన నాటండి. రెండూ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి కనుక తేనెటీగలు పుప్పొడి మార్చగలవు. అన్నా ఒంటరిగా కాస్త కాసినా, జత ఉంటే పిందె బాగా నిలుస్తుంది. రంగు మీద ఆశ పెట్టుకోకండి. యాపిల్ ఎరుపెక్కాలంటే రాత్రులు చల్లబడాలి. ఇక్కడ అన్నా పసుపు మీద పలచటి ఎరుపుతో ఆగిపోతుంది. డోర్సెట్ ఎలాగూ పసుపుపచ్చనిదే. రెండూ నిల్వ ఉండే కాయలు కావు, కోసిన కొద్ది రోజుల్లో తినేయాలి. ఇంకో చెట్టుకు చోటుంటే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 పెట్టండి. ఎకరాలకు ఎకరాలు వేయకండి. వరి, కొబ్బరి, అరటి ఇచ్చే భూమిని ఇంకా రుజువు కాని పంటకు అప్పగించమని ఈ పాఠాలు చెప్పవు.

పైరకం ఎంత ముఖ్యమో, దాన్ని అంటుకట్టే కింది వేరుమొక్క అంతే ముఖ్యం. ఒండ్రు బంకనేలలో ఎం.ఎం.111 అనే వేరుమొక్క మీద కట్టిన అంటు అడగండి. ఎం.ఎం.106 తడినేలలో మొదలుకుళ్లుకు తేలిగ్గా లొంగుతుంది. ఎం.9 మరీ పొట్టి, వేళ్లు బలహీనం, ఎప్పటికీ ఊతకర్ర కావాలి. ఏ వేరుమొక్క మీద కట్టారో అమ్మేవారు చెప్పలేకపోతే కొనకండి. అంటు కట్టిన చోట కణుపులాంటి వంపు కనిపించాలి. అది లేకపోతే గింజ మొక్క కావచ్చు. గింజ నుంచి వచ్చిన యాపిల్ తల్లి గుణంతో కాయదు.

అభ్యాసం: కార్తీక పౌర్ణమి నుంచి సంక్రాంతి వరకు మీ పెరట్లో ప్రతి రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత నోటు పుస్తకంలో రాయండి. అందుకు కనిష్ఠాన్ని గుర్తుంచుకునే థర్మామీటరు ఒకటి కావాలి. దాన్ని గోడకు తగిలించకండి, పగటి వేడిని గోడ రాత్రంతా వదులుతూ ఉంటుంది. చెట్టు నీడన, మనిషి ఛాతీ ఎత్తులో కట్టండి. 18 కింద ఎన్ని రాత్రులు, 15 కింద ఎన్ని అని విడిగా లెక్క వేయండి. రాజమహేంద్రవరం మెట్టలోనో రంపచోడవరంలోనో బంధువులు ఉంటే అదే లెక్క వారితోనూ రాయించండి. నాలుగో పాఠంలో గొయ్యి, ఎత్తు మడి, నాటే విధానం చూద్దాం. ఆ పాఠానికి ఈ పుస్తకం దగ్గర పెట్టుకోండి.