డిప్‌స్టిక్‌పై ఆయిల్ పెరుగుతోందా? కొత్త డీజిల్ ఇంజన్లలో బయోడీజిల్ వాడే పద్ధతి

బయోడీజిల్, అంటే నూనెల నుంచి తయారుచేసే డీజిల్, పోసే బండి నా షెడ్డుకు వస్తే ముందు డిప్‌స్టిక్, అంటే ఇంజన్ ఆయిల్ మట్టం చూపే గీతల కడ్డీ, తీస్తాను. ట్యాంకు, ఫిల్టరు ఆ తర్వాతే. ఒకసారి ఒక వ్యాను యజమాని ఎంతో సంతోషంగా, "ఆరు నెలలుగా ఇంజన్ ఆయిల్ చుక్క కూడా తగ్గలేదండీ" అన్నాడు. తీసి చూస్తే పై గీతను కూడా దాటి నిలిచి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు లేదు, పలుచగా జారిపోయింది, ఇంధనం వాసన వేసింది. ఆయన చూసి మురిసిపోయింది బేరింగులను అరగదీసే జబ్బును.

ఆయిల్ ఎందుకు పెరుగుతుంది? కొత్త ఇంజన్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటాం. అది నిండినప్పుడు మసిని కాల్చేయడానికి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకోసం చాలా ఇంజన్లు సిలిండర్‌లో మంట ముగిశాక మరికొంత ఇంధనం చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి కింది ఆయిల్‌లో కలుస్తుంది. మామూలు డీజిల్‌లో తేలిక భాగాలు ఉంటాయి కాబట్టి, ఇంజన్ వేడికి కొంతైనా ఆవిరై పోతుంది. బయోడీజిల్ మరగడానికి 300 డిగ్రీలు దాటాలి. అంత వేడి ఆయిల్‌కు ఎప్పుడూ రాదు, అందుకే చేరింది చేరినట్టే ఉండిపోతుంది.

వారానికోసారి బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ చల్లారాక ఆయిల్ మట్టం చూడండి. ఎంత ఉందో రాసిపెట్టుకోండి, పెరుగుదల ఒక్క చూపులో తెలియదు. పై గీత దాటితే సర్వీసు తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే మార్పించండి. బి20, అంటే 20 శాతం బయోడీజిల్ కలిపిన ఇంధనం వాడేవారికి నేను ఆయిల్ మార్చే దూరాన్ని సగానికి తగ్గిస్తాను. రోజూ దగ్గరి దూరాలే తిరిగే బండ్లలో మసి కాల్చే పని మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది, వాటి మీద ఇంకా ఎక్కువ కన్ను వేయాలి. కొన్ని ఇంజన్లలో ఈ ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ విడిగా పొగగొట్టంలోనే ఉంటుంది. వాటికి ఈ బెడద లేదు. మీది ఏ రకమో మెకానిక్‌ను అడగండి.

ఎంత శాతం వరకు పోయవచ్చో బండి పుస్తకంలో గాని, ట్యాంకు మూత లోపల గాని రాసి ఉంటుంది. బి7 అని ఉంటే 7 శాతమే. దాని మీద నా దగ్గర బేరాలు లేవు.

ఇక సరుకు నాణ్యత. వంటనూనె బయోడీజిల్ కాదు. దాని చిక్కదనం డీజిల్‌కు దాదాపు పది రెట్లు. నూనెను మెథనాల్‌తో చర్య జరిపించి, గ్లిజరిన్ వేరు చేశాక వచ్చేదే బయోడీజిల్. ఆ చర్యకు వాడిన సోడియం, పొటాషియం సరిగా కడగకపోతే ఇంధనంలో మిగిలి, డీపీఎఫ్‌లో బూడిదవుతాయి. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. అందుకే బయోడీజిల్‌కు ఐరోపా పెట్టిన ఈఎన్ 14214 ప్రమాణం ఆ రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. అమ్మేవారిని పరీక్ష నివేదిక అడగండి. అనుమానం ఉంటే 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కలపండి. అడుగున నూనె దిగితే చర్య పూర్తి కాలేదన్నమాట, ఆ సరుకు తిరిగి ఇచ్చేయండి. దిగకపోయినా లోహాలు, నీరు లేవని దాని అర్థం కాదు. మెథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా. గాలి ఆడే చోట, చేతి తొడుగులతోనే ఈ పని చేయండి. ఇంట్లో తయారుచేసిన బయోడీజిల్‌ను మాత్రం కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ అధిక పీడనంతో ఇంధనం అందే ఇంజన్‌లో, పోయవద్దని చేతులు జోడించి చెబుతాను. 1,600 బార్లు దాటే పీడనంతో పనిచేసే ఇంజెక్టర్లు అందులో ఉంటాయి. వాటి లోపలి సందులు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటాయి.

మొదటిసారి పోసినప్పుడు ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి ఫిల్టరుకు తెస్తుంది. బండి ఈడ్చినట్టు నడిస్తే ఇంధనాన్ని తిట్టకండి, ఫిల్టరు మార్చండి. ఒకటి బండిలోనే ఉంచుకోండి. పాత బండైతే రబ్బరు పైపులు ఉబ్బాయేమో నొక్కి చూడండి. నిల్వకు రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు, అవి ఇంధనాన్ని త్వరగా చెడగొడతాయి.

బయోడీజిల్ డీజిల్ కంటే ఎక్కువ తేమ పీల్చుకుంటుంది. కాబట్టి నీరు వేరుచేసే గిన్నెను తరచూ ఖాళీ చేయండి. నెలల తరబడి బండి ఆపాల్సి వస్తే, ముందే మామూలు డీజిల్‌తో ట్యాంకు నింపి కొంత దూరం నడపండి. చలికి గడ్డకట్టే గుణం నూనెను బట్టి మారుతుంది: పామాయిల్‌తో చేసినది ఆవనూనె జాతి గింజలతో చేసినదాని కంటే చాలా ముందే మసకబారుతుంది. ఒలికినది రంగు మీద ఉండనివ్వకుండా తుడిచేయండి. తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయవద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు.

ఇంత జాగ్రత్త చెబుతున్నది ఈ ఇంధనం మీద ఇష్టంతోనే. 2 శాతం కలిపినా పంపుకు మంచి జారుడు దొరుకుతుంది, మసి తక్కువ వస్తుంది, వచ్చినదీ తక్కువ వేడికే కాలుతుంది. ఆ వ్యానుకు ఆయిల్, ఫిల్టరు మార్చాను. ఇంజన్ మిగిలింది. ఇప్పుడు ఆయన స్టీరింగ్ పక్కన చిన్న నోటుపుస్తకం ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ ముందు దాన్నే నా చేతికిస్తాడు.