బిజినెస్ అనలిస్ట్‌కి ప్రాజెక్ట్ మేనేజర్ ఎలా తోడుండాలి?

టీమ్‌లోకి బిజినెస్ అనలిస్ట్ (బీఏ, అంటే క్లయింట్‌కి అసలేం కావాలో కనుక్కుని టీమ్‌కి రాసిచ్చే మనిషి) రాగానే మీటింగ్ మినిట్స్ రాసే పని అంటగడతాం. నేనూ అదే చేశాను. మినిట్స్ ఎవరైనా రాస్తారు. బీఏ ఉండాల్సింది కాన్ఫరెన్స్ రూమ్ బయట.

1. పని జరిగే చోటికి పంపించండి

హైదరాబాద్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. రిటర్న్స్ (వెనక్కొచ్చే సరుకు) గురించి మూడు మీటింగుల్లో అడిగితే మూడుసార్లూ "అదేముందండీ, మామూలే" అన్నారు. గోడౌన్ చూసొస్తానని మా బీఏ అడిగితే, డెడ్‌లైన్ దగ్గరపడిందని రెండు వారాలు నేనే ఆపాను. చివరికి వెళ్లింది. కౌంటర్ దగ్గర గుమస్తా చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్. షాపుల నుంచి వెనక్కొచ్చిన ఎక్స్‌పైరీ మందులన్నీ అందులో రాసుకుని, నెలాఖరున ఒకేసారి క్రెడిట్ నోట్లు (వెనక్కొచ్చిన సరుకు విలువను షాపు బిల్లులోంచి తగ్గిస్తూ ఇచ్చే కాగితాలు) కొడుతున్నాడు. ఏ స్ట్రిప్ ఏ బిల్లులో వెళ్లిందో ఎక్కడా లేదు.

అసలు తంటా అక్కడే. అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే (జీఎస్టీ వార్షిక రిటర్న్ అంతకుముందే వేసేస్తే ఆ తేదీ దాటితే) క్రెడిట్ నోట్ ఇచ్చినా జీఎస్టీ తగ్గించుకోలేరు. రెండేళ్ల ఎక్స్‌పైరీ ఉన్న మందుకి ఆ గడువు చాలాసార్లు ముందే అయిపోతుంది. అంటే రిటర్న్ స్క్రీన్‌లో పాత బిల్లు తేదీ ఉండి తీరాలి. ఈ ముక్క మీటింగుల్లో ఒక్కరూ చెప్పలేదు.

క్లయింట్ మేనేజర్‌కి మీరే ఫోన్ చేసి, గుమస్తాకి రెండు పూటలు ఖాళీ ఇప్పించండి. అదే మాట బీఏ అడిగితే "చూద్దాంలెండి" అంటారు.

2. తేల్చే మనిషెవరో ముందే తేల్చుకోండి

సేల్స్ వాళ్లు ఒకటంటారు, అకౌంట్స్ వాళ్లు ఇంకొకటంటారు. మధ్యలో బీఏని పంచాయితీకి కూర్చోబెట్టకండి. క్లయింట్ వైపు నుంచి ఒక్క పేరు రాయించుకోండి. జవాబు రాని ప్రశ్నల జాబితా బీఏ రాస్తుంది, వెంటపడటం మీ వంతు.

3. "కుదరదు" అనేది మీరే అనండి

"చిన్న మార్పే అమ్మా" అని క్లయింట్ నేరుగా బీఏకే వాట్సాప్ పెడతాడు. "మా మేనేజర్‌గారికి ఒక మాట చెప్పండి సార్" అనే వీలు ఆమెకుండాలి. ఆమెను అడక్కుండా మీరూ తేదీలు ఒప్పుకోకండి.

4. యూఏటీలో బీఏని టెస్టర్‌ని చేయకండి

యూఏటీ అంటే సాఫ్ట్‌వేర్‌ని యూజర్లే వాడి చూసే పరీక్ష. మనుషులు తక్కువయ్యారని టెస్ట్ కేసులన్నీ ఆమె నెత్తిన వేస్తే, యూజర్ ఎక్కడ తడబడుతున్నాడో చూసేవాళ్లుండరు. మా యూఏటీకి ఆ గుమస్తానే పిలిచాం, నోట్‌బుక్‌తో సహా. మొదటి రిటర్న్‌కే పాత బిల్లు దొరక్క తల గోక్కున్నాడు. బ్యాచ్ నంబరుతో వెతికే ఆప్షన్ ఆ సాయంత్రమే చేయాల్సిన పనుల జాబితాకెక్కింది.