ఎస్పీ రోడ్ పాత లాప్‌టాప్‌కి ఏ లినక్స్?

విండోస్‌కి బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, దాంట్లో కొత్తవాళ్లకి తేలికైన రకం మింట్. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో కొన్న పాత లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే ఉంటే మింట్‌లో తేలికపాటి రూపమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. 8 ఉంటే కాస్త బరువైన సినమన్ రూపం హాయిగా నడుస్తుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అన్నీ చేత్తో అమర్చుకోవాల్సిన ఆర్చ్ లినక్స్ జోలికి ఇప్పుడే వద్దు.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ (మింట్ ఇన్‌స్టాల్ ఫైల్) రాసుకుని, ఇన్‌స్టాల్ చేసేముందు లైవ్‌లోనే (అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిపి) వైఫై, సౌండ్ చూడండి. మూత వేసి తీస్తే స్క్రీన్ వెలుగుతోందా అన్నదీ చూడాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. బ్రాడ్‌కామ్ వైఫై కార్డయితే నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీగా ఉండొచ్చు, దాని డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) విడిగా వేయాల్సి రావచ్చు. నెట్ కోసం ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి, డ్రైవర్ మేనేజర్‌లో సూచించినది ఎంచుకోండి.

ఫోరంలో సాయం అడిగేటప్పుడు "వైఫై రావట్లేదు" అని ఊరుకుంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. మింట్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కాపీ చేసి పెట్టండి. ఎర్రర్‌ని ఫొటోగా కాదు, అక్షరాలుగా. సుడోతో (సిస్టమ్‌ని మార్చే పూర్తి అధికారం ఇచ్చే పదం) మొదలయ్యే కమాండ్ ఎవరిచ్చినా, అదేం చేస్తుందో తెలియకుండా ఎంటర్ కొట్టొద్దు.